దారి ఒకటి, జోక్యాలు రెండు: 1948 సైనిక చర్య న్యాయబద్ధత - పోరాట రచనల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

అంతర్యుద్ధం జరుగుతున్న భూభాగంలోకి బయటి సైన్యం ప్రవేశించడం న్యాయమా అన్న ప్రశ్నకు తెలుగు నేలపై దొరికే సన్నిహిత ఉదాహరణ 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంపై జరిగిన భారత సైనిక చర్య. ఆ చర్యను సమర్థించిన రచనలు, ఖండించిన రచనలు రెండూ దాన్ని ఒకే సంఘటనగా తీసుకొని ఒకే తీర్పు ఇచ్చాయి. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాల అనుభవం ఆధారంగా చూస్తే అక్కడ జరిగినవి రెండు వేర్వేరు జోక్యాలు. మొదటిది నిజాం సైన్యం, రజాకార్ల మీద ఐదు రోజుల పాటు సాగింది. రెండవది రైతు ఉద్యమం మీద మూడేళ్ల పాటు సాగింది. మొదటిదానికి ఉన్న న్యాయం రెండవదానికి వారసత్వంగా సంక్రమించదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: పోలీసు చర్య, తెలంగాణ సాయుధ పోరాటం, సైనిక జోక్యం, స్వీయ చరిత్ర, న్యాయ యుద్ధం, నల్లగొండ.

1. ఉపోద్ఘాతం

పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చిందని తెలుగు సామెత. ఇద్దరి తగవులోకి మూడోవాడు వచ్చినప్పుడు లాభం ఎవరికన్న అనుమానం ఆ మాటలో ఉంది. కానీ ఆ పోరులో ఒక పక్షం నిరాయుధంగా, మరో పక్షం తుపాకులతో ఉన్నప్పుడు ఏం చేయాలో సామెత చెప్పదు. మూడోవాడు రాకపోతే బలహీనుడు చస్తాడు. వస్తే తీర్పు మూడోవాడి చేతికి పోతుంది. అంతర్యుద్ధాల్లో విదేశీ సైనిక జోక్యం గురించిన చర్చ అంతా ఈ రెండు భయాల మధ్య నడుస్తున్నదే.

తెలుగువారికి ఈ చర్చ పుస్తకాలలో మాత్రమే ఉన్నది కాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో తీవ్రమైన రైతు ఉద్యమం 1947 సెప్టెంబరు 11 నాటి సాయుధ పోరాట పిలుపుతో యుద్ధ రూపం దాల్చింది. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ఇచ్చిన ఆ పిలుపు తరువాత ఏడాది పాటు నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో ఒక వైపు గ్రామ రాజ్యాలు, దళాలు, మరో వైపు దేశముఖులు, నిజాం పోలీసులు, ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు ఉన్నారు. ఒకే రాజ్యపు ప్రజలు రెండు అధికారాల కింద చీలి ఆయుధాలతో తలపడిన స్థితిని అంతర్యుద్ధం అనడానికి అభ్యంతరం ఉండదు. ఆ స్థితిలోకి 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది.

దీనిపై తెలుగులోనూ ఇతర భాషల్లోనూ విస్తారంగా రచనలు వచ్చాయి. వాటిలో ఏది నిజం చెప్పింది అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. జోక్యం న్యాయమని గానీ అన్యాయమని గానీ తీర్పు ఇచ్చేటప్పుడు ఆ రచనలు ఏ కొలమానం వాడాయి, దేన్ని లెక్కలోకి తీసుకున్నాయి, దేన్ని విడిచిపెట్టాయి అన్నది పరిశీలనాంశం.

2. అది 'బయటి' సైన్యమేనా?

జోక్యం అన్న మాట వాడాలంటే ముందు సరిహద్దు ఉండాలి. భారత ప్రభుత్వం ఆనాడు ఆ సరిహద్దునే నిరాకరించింది. 'పోలీసు చర్య' అన్న పేరు అందుకు సాక్ష్యం. పోలీసులు తమ దేశంలోనే చర్య తీసుకుంటారు, పొరుగు దేశంలో కాదు. కానీ ట్యాంకులు, యుద్ధ విమానాలు పాల్గొన్న ఆ చర్యకు సైన్యం పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. పేరు పెట్టడంలోనే సగం తీర్పు ఉంది.

చట్టపరంగా చూస్తే పరిస్థితి అంత సులభం కాదు. 1947 ఆగస్టు 15తో బ్రిటిష్ సార్వభౌమాధికారం తొలగిపోయింది. నిజాం ఏ దేశంలోనూ చేరలేదు. 1947 నవంబరు 29న కుదిరిన యథాతథ ఒడంబడిక విలీనం కాదు, గడువు గల ఏర్పాటు మాత్రమే. 1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. పారిస్‌లో మండలి దాన్ని చేపట్టింది సెప్టెంబరు 16న, అంటే యుద్ధం మొదలైన నాలుగో రోజున. హైదరాబాదుకు అంతర్జాతీయ చట్టం దృష్టిలో రాజ్య హోదా లేదని భారత ప్రతినిధి వాదించారు. కొద్ది రోజులకే నిజాం ఫిర్యాదును ఉపసంహరించుకున్నట్లు ప్రకటించారు. మండలి తీర్పు ఏదీ ఇవ్వలేదు.

నేల మీద సరిహద్దు మరింత చిత్రంగా ఉండేది. కోదాడకు పక్కనే ఉన్న మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే. అయినా అది కృష్ణా జిల్లాలో భాగం, అంటే ఇండియన్ యూనియన్. కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేసిన ఈ సంస్థానం ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాతే నల్లగొండ జిల్లాలో కలిసింది. భాష, బంధుత్వం, వ్యాపారం ఏ సరిహద్దునూ లెక్కచేయని ఈ ప్రాంతంలో పోరాటానికి నిధులు, ఆయుధాలు, ఆశ్రయం కృష్ణా జిల్లా నుంచి వచ్చేవి. కాంగ్రెసు సరిహద్దు శిబిరాలు కూడా యూనియన్ భూభాగంలోనే నడిచాయి. మరో వైపు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి నిజాం ప్రభుత్వానికి విమానాల్లో ఆయుధాలు చేరవేశారు. యూనియన్ ప్రభుత్వం హైదరాబాదుకు సరుకులు అందకుండా దిగ్బంధం విధించింది. కాబట్టి సెప్టెంబరు 13కు ముందు జోక్యం లేదు, ఆనాడు మొదలైంది అనుకోవడం పొరపాటు. అప్పటివరకు పలు వైపుల నుంచి లోపాయికారీగా సాగినది ఆనాడు ఒక వైపు నుంచి బాహాటమైంది.

ఆ కాలపు తెలుగులో స్థిరపడిన 'యూనియన్ సైన్యాలు' అన్న మాట ఈ సందర్భంలో గమనార్హం. అది 'మన సైన్యం' కాదు, 'విదేశీ సైన్యం' కూడా కాదు. కోదాడ రైతుకు ఆ సైన్యం పొరుగింటి నుంచి వచ్చినది. పూర్తిగా బయటిది కాదు, అలాగని అతని అనుమతితో వచ్చినదీ కాదు. చట్టం తేల్చలేని విషయాన్ని వాడుక భాష సరిగ్గా గుర్తించింది.

3. మిల్ సూత్రం, దాని హద్దులు

1859లో రాసిన జోక్యరాహిత్య వ్యాసంలో జాన్ స్టూవర్ట్ మిల్ ప్రతిపాదించిన సూత్రం ఈ చర్చలో నేటికీ ఆధారం. స్వదేశీ పాలకుని మీద పోరాడే ప్రజలకు బయటివారు స్వేచ్ఛను తెచ్చి ఇవ్వకూడదని ఆయన వాదం. స్వయంగా గెలుచుకోలేని స్వేచ్ఛను ప్రజలు నిలుపుకోలేరు. అయితే పాలకుని వెనుక అప్పటికే మరో విదేశీ శక్తి ఉంటే ఆ బరువును సమం చేయడానికి జోక్యం చేసుకోవచ్చునని ఆయన మినహాయింపు ఇచ్చారు.

అదే వ్యాసంలో మిల్ అవధ్ ప్రస్తావన తెచ్చారు. ప్రజల తిరుగుబాటు భయం లేకుండా దేశీయ పాలకుణ్ణి బ్రిటిష్ సైన్యం కాపాడుతున్నంత కాలం అతని దుష్పాలనకు బ్రిటిష్ వారే బాధ్యులన్నది ఆయన తర్కం. అవధ్ ఆక్రమణను సమర్థించడానికి వాడిన ఈ తర్కం హైదరాబాదుకు మరింతగా వర్తిస్తుంది. సైన్య సహకార ఒప్పందాల కాలం నుంచి సుమారు నూటయాభై ఏళ్లు నిజాం సింహాసనాన్ని ప్రజల నుంచి కాపాడింది బ్రిటిష్ తుపాకీ. ఆ తుపాకీ 1947 ఆగస్టులో తొలగింది. నిజాం తొలిసారిగా తన ప్రజల ఎదుట ఒంటరిగా నిలబడ్డారు. మిల్ సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే ప్రజలే తేల్చుకోవలసిన ఘడియ అదే.

కానీ ఈ సూత్రానికి ఒక లోపముంది. పోరాటం ముగిసేదాకా ప్రజలు బతికి ఉంటారని అది అనుకుంటుంది. 1948 ఆగస్టు 22న ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హత్య, ఆగస్టు 27న బైరాన్‌పల్లి మారణకాండ ఆ అనుకోలును దెబ్బతీశాయి. రాజ్యం తన ప్రజలను తానే వరుసగా చంపుతున్నప్పుడు వారి ఆత్మనిర్ణయాన్ని గౌరవించి దూరంగా ఉంటామనడం గౌరవం కాదు, ఉదాసీనత. మైకేల్ వాల్జర్ 1977లో ప్రచురించిన న్యాయ, అన్యాయ యుద్ధాల గ్రంథంలో మిల్ సూత్రానికి మానవీయ జోక్యాన్ని మినహాయింపుగా చేర్చడానికి కారణమిదే. ఆయన చూపిన ఉదాహరణ కూడా భారత ఉపఖండానిదే. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో భారత సైన్యం ప్రవేశాన్ని ఆయన సమర్థించారు. ఆ సమర్థనలో ఒక ముఖ్యమైన షరతు ఇమిడి ఉంది. సైన్యం పని ముగించుకొని త్వరగా వెనుదిరిగింది, ఆ దేశ రాజకీయాన్ని తన చేతిలోకి తీసుకోలేదు.

1971కి వర్తింపజేసిన ఈ షరతును 1948కి వర్తింపజేస్తే ఏమవుతుందన్నదే ఇక మిగిలిన ప్రశ్న. దానికి సమాధానం బెజవాడ-హైదరాబాదు రహదారి మీద దొరుకుతుంది.

4. ఐదు రోజులు, మూడేళ్లు

సైనిక చర్య ప్రధానంగా రెండు దిశల నుంచి సాగింది. పశ్చిమాన షోలాపూర్ నుంచి మేజర్ జనరల్ జె.ఎన్.చౌదరి, తూర్పున బెజవాడ నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ.రుద్ర నాయకత్వం వహించారు. సెప్టెంబరు 13 ఉదయానికే తూర్పు దళాలు కోదాడ చేరాయి, మధ్యాహ్నానికి మునగాల. మరునాడు వైమానిక దాడుల తరువాత సూర్యాపేట వశమైంది. వెనుదిరిగిన నిజాం సైన్యం మూసీ వంతెనను కూల్చివేసి నార్కట్‌పల్లి వైపు మళ్లింది. 17వ తేదీ సాయంత్రం కాల్పులు ఆగాయి. 18న హైదరాబాదు సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చౌదరి ఎదుట లొంగిపోయారు. రజాకార్ల భయంతో పొలాల్లో, అడవుల్లో రాత్రులు గడిపిన ఊళ్లకు ఆ ఐదు రోజులు విముక్తి. ఉద్యమంలో ఉన్నవారి జ్ఞాపకాలు కూడా జనం సంతోషాన్ని దాచలేదు.

ఆ సైన్యం వచ్చిన పని అంతటితో తీరింది. కానీ అదే రహదారి మీదుగా వచ్చిన సైన్యం వెనుదిరగలేదు. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ, జనగామ ప్రాంతాలలో దాని తదుపరి పని గ్రామ రాజ్యాలను రద్దు చేయడం, పంచిన భూములను వెనక్కి ఇప్పించడం, దళాలను వేటాడడం. నగరాలకు పారిపోయిన దేశముఖులు సైనిక శిబిరాల నీడన గడీలకు తిరిగివచ్చారు. నిన్నటిదాకా రజాకార్లతో ఉన్న దొర గాంధీ టోపీ పెట్టుకొని రావడం పోరాట జ్ఞాపకాల్లో పదేపదే కనిపించే దృశ్యం. మైదాన ప్రాంతాల దళాలు దక్షిణాన కృష్ణానది వెంట నల్లమల వైపుకు, ఉత్తరాన గోదావరి అడవులకు తరలవలసి వచ్చింది. 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వెలువడేదాకా ఈ స్థితి కొనసాగింది.

మూడు వేల గ్రామాల్లో ప్రజారాజ్యం ఏర్పడి పది లక్షల ఎకరాల పంపిణీ జరిగిందని, మొత్తం పోరాటంలో నాలుగు వేల మంది కార్యకర్తలు, రైతులు మరణించారని, పది వేల మంది నిర్బంధ శిబిరాల్లో మగ్గారని పుచ్చలపల్లి సుందరయ్య లెక్కగట్టారు. ఇవి ఉద్యమ పక్షం ఇచ్చిన అంకెలు. వాటిని యథాతథంగా స్వీకరించకపోయినా ఒక విషయం స్పష్టం. ఐదు రోజుల యుద్ధం తరువాత సాగిన సైనిక చర్య ఆ యుద్ధానికి చివరి అంకం కాదు. లక్ష్యం వేరు, శత్రువు వేరు, కాలవ్యవధి వేరు. దారి మాత్రమే ఒకటి.

5. రచనలలో కొలమానాలు

ఈ రెండు జోక్యాలను విడివిడిగా చూడకపోవడం రచనలన్నిటిలో కనిపించే సామాన్య లక్షణం.

విలీన పక్షం రచనల్లో ప్రధానమైనవి వి.పి.మీనన్ సంస్థానాల విలీన చరిత్ర (1956), హైదరాబాదులో భారత ఏజెంటు జనరల్‌గా పనిచేసిన కె.ఎం.మున్షీ 'ఒక యుగాంతం' (1957). ఈ రెండింటికీ కథ సెప్టెంబరు 17తో పరిపూర్ణమవుతుంది. రజాకార్ల దౌర్జన్యం, చర్చల వైఫల్యం, సైనిక విజయం అన్న క్రమంలో రైతు ఉద్యమం శాంతిభద్రతల సమస్యగా మాత్రమే కనిపిస్తుంది. భూమి ప్రశ్న లేదు కనుక భూమి తిరిగి ఎవరి చేతికి పోయిందన్న ప్రశ్న కూడా లేదు. నిజాం చివరి ప్రధాని లాయఖ్ అలీ 1962లో ప్రచురించిన 'హైదరాబాదు విషాదం' దీనికి పూర్తిగా ఎదురు పక్షం. అందులో జరిగింది దురాక్రమణ. కానీ గడీల్లో వెట్టి, గ్రామాల్లో రజాకార్ల దాడులు ఆ గ్రంథపు న్యాయదృష్టిలో బరువు లేనివి. ఒకటి సరిహద్దును మరిచి మనుషులను చూసింది, అదీ కొందరినే. మరొకటి మనుషులను మరిచి సరిహద్దును చూసింది.

ఉద్యమ పక్షంలో అభిప్రాయభేదం మరింత ఫలవంతమైనది. రావి నారాయణరెడ్డి తన 'వీర తెలంగాణ'లో నిజాం పాలన అంతంతో పోరాట లక్ష్యం నెరవేరిందని, ఆ తరువాత ఆయుధాలు కొనసాగించడం తప్పని వాదించారు. సుందరయ్య 'తెలంగాణ ప్రజల సాయుధ పోరాటం - దాని పాఠాలు'లో, దేవులపల్లి వేంకటేశ్వరరావు తన చరిత్ర గ్రంథంలో దీన్ని తిరస్కరించారు. సైన్యం రాకకు అసలు కారణం రైతు ఉద్యమాన్ని అణచడమేనని, భూమిని కాపాడుకోవడానికి పోరాటం కొనసాగవలసిందేనని వారి వాదం.

ఈ వాదంలో రెండు పక్షాలూ ఒకే తర్కదోషానికి లోనయ్యాయి. రావి నారాయణరెడ్డి మొదటి జోక్యపు ఫలితాన్ని చూసి రెండవదానికి ప్రతిఘటన అనవసరమన్నారు. సుందరయ్య, దేవులపల్లి రెండవ జోక్యపు స్వభావాన్ని చూసి మొదటిదాని ఉద్దేశ్యాన్ని నిర్ణయించారు. ఒకరు ప్రవేశంతో కొనసాగింపును కొలిస్తే, ఇతరులు కొనసాగింపుతో ప్రవేశాన్ని కొలిచారు. ఉద్దేశ్యాలు కలగాపులగంగా ఉండడం ప్రతి జోక్యంలోనూ సహజం. రజాకార్లను తొలగించాలన్న కోరిక, కమ్యూనిస్టులను అణచాలన్న కోరిక, భౌగోళిక సమగ్రత కోరిక ఢిల్లీలో ఒకేసారి ఉండి ఉండవచ్చు. ఉద్దేశ్యం మలినమైనంత మాత్రాన బైరాన్‌పల్లి వంటి మరో ఊరు బతికిపోవడం అన్యాయం కాదు. ఆ ఊరు బతికినంత మాత్రాన భూమి పోగొట్టుకున్న పాలేరుకు జరిగింది న్యాయమూ కాదు.

సృజనాత్మక రచనల్లో ఈ విభజన మరింత సూక్ష్మంగా కనిపిస్తుంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల 'మా భూమి' నాటకం 1947 నాటిది కనుక అందులో శత్రువు ఒక్కడే, నిజాం-దొరల కూటమి. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా 1979లో గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' సినిమాకు ఆ వెసులుబాటు లేదు. సైన్యం రాక, దాని వెనుక దొర తిరిగి రాక ఆ సినిమాలో తప్పించుకోలేని ముగింపు. ఆధారాలు వేరైనా ఒకే పేరు గల ఈ రెండు కృతుల మధ్య దూరం 1948 తెచ్చిన దూరమే. దాశరథి రంగాచార్య నవలలు 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' కూడా కాలాన్ని దశలుగా విభజించి, పోలీసు చర్య తరువాతి గ్రామాన్ని వేరే కథావస్తువుగా స్వీకరించాయి. సిద్ధాంత రచనలు కలిపివేసిన రెంటినీ కథ విడదీసింది.

స్త్రీ శక్తి సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' మూడో కొలమానాన్ని తెచ్చింది. పోరాటంలో పాల్గొన్న స్త్రీలు అందులో చెప్పిన అనుభవాల ప్రకారం ముగింపు 17 సెప్టెంబరు కాదు, 1951 కూడా కాదు. పోరాటం ఆగాక ఇంటికి, వంటింటికి తిరిగిపొమ్మన్నప్పుడు వారికి అది ముగిసింది. విముక్తి ఎవరికి, ఎంతకాలం అన్న ప్రశ్న జోక్యం చేసుకున్న రాజ్యానికే కాదు, జోక్యాన్ని ఎదిరించిన పార్టీకి కూడా వర్తిస్తుందని ఈ గ్రంథం గుర్తుచేస్తుంది.

6. లెక్కలోకి రాని మృతులు

రెండు పక్షాల రచనలూ తక్కువగా పట్టించుకున్న అంశం సైనిక చర్య సమయంలోనూ ఆ తరువాతా జరిగిన ముస్లింల హత్యలు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీల బృందం 1948 నవంబరు చివరి నుంచి డిసెంబరు వరకు సంస్థానంలో పర్యటించింది. మృతుల సంఖ్య 27,000 నుంచి 40,000 వరకు ఉండవచ్చునని ఆ బృందం అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అత్యధికంగా నష్టపోయాయి. సైనికుల ప్రవర్తనను సాధారణంగా మెచ్చుకుంటూనే, కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీలో, నేరాల్లో పాల్గొన్నారని నివేదిక పేర్కొంది. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందుబాటులోకి రాలేదు.

తీవ్రంగా నష్టపోయిన ఆ నాలుగు జిల్లాల్లో నల్లగొండ లేదు. ఉద్యమ ప్రాంతాల్లో సాధారణ ముస్లింలను కాపాడామని సుందరయ్య రాశారు. రజాకారును రజాకారుగా, పేద ముస్లింను పేదగా చూడగలిగిన వర్గ దృష్టి అక్కడ మత ప్రతీకారానికి కొంత అడ్డుకట్ట వేసిందన్న వివరణకు బలముంది. ఇది నిజమైతే జోక్యం గురించిన చర్చలో దీని ప్రాధాన్యం పెద్దది. బయటి సైన్యం ఒక పాలనను ఐదు రోజుల్లో కూల్చగలదు. ఆ తరువాతి శూన్యంలో పొరుగువాణ్ణి పొరుగువాడు చంపకుండా ఆపగలిగేది స్థానికంగా నిర్మితమైన ప్రజాశక్తి మాత్రమే. అలాంటి శక్తి ఉన్న చోటే దాన్ని సైన్యం తన రెండవ శత్రువుగా ఎంచుకుంది.

7. ప్రతివాదం

పై వాదానికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. విలీనం తరువాత హైదరాబాదు భారతదేశంలో భాగం. ఏ రాజ్యమూ తన భూభాగంలో మరో సాయుధ అధికారాన్ని సహించదు. దళాల చేతుల్లోనూ హత్యలు జరిగాయి. పైగా కొత్త ప్రభుత్వమే 1949లో జాగీర్లను రద్దు చేసింది, 1950లో కౌలుదారీ చట్టం తెచ్చింది. కనుక 1948 తరువాతిది జోక్యం కాదు, పాలన.

ఇందులో నిజమున్నది. ఆ సంస్కరణలను చిన్నచూపు చూడడం ఉద్యమ రచనల లోపం. కానీ జాగీర్ల రద్దు దివానీ ప్రాంతాల దేశముఖుల పట్టా భూములను తాకలేదు. నల్లగొండలో తగవు వాటి గురించే. అంతకంటే ముఖ్యమైన విషయం తర్కానికి సంబంధించినది. పీడిత ప్రజల రక్షణ పేరుతో 13న ప్రవేశించిన సైన్యం, 18 తరువాత అదే ప్రజల మీద సార్వభౌమాధికారం పేరుతో చర్య తీసుకుంది. ప్రవేశానికి మానవీయత, ఉనికికి సార్వభౌమత్వం అన్న రెండు వేర్వేరు సమర్థనలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మొదటిది చెల్లితే అది పని తీరగానే ముగియాలి. రెండవది చెల్లాలంటే చట్టబద్ధ పాలన ప్రమాణాలకు నిలబడాలి. విచారణ లేని నిర్బంధం, సైనిక గవర్నరు పాలన ఆ ప్రమాణాలకు నిలబడవు. మొదటిదాని నైతిక ప్రతిష్ఠను రెండవదానికి కవచంగా వాడుకోవడమే ఇక్కడి దోషం.

ఈ జారుడు తెలంగాణకే ప్రత్యేకం కాదు. 1987లో ఒప్పందం ప్రకారం శ్రీలంకకు వెళ్లిన భారత శాంతి పరిరక్షక దళం తమిళుల రక్షణకు వెళ్లి, కొద్ది నెలల్లోనే తమిళ సాయుధులతో యుద్ధంలో కూరుకుపోయి 1990లో వెనుదిరిగింది. కాపాడడానికి వెళ్లిన సైన్యానికి అక్కడి ప్రజలకు తమవైన రాజకీయాలు ఉన్నాయన్న సంగతి ఎప్పుడూ ఆలస్యంగానే ఎదురవుతుంది.

8. 1952 తీర్పు

ప్రజల సమ్మతి ఏమిటో తెలుసుకునేందుకు హైదరాబాదులో ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు. దానికి దగ్గరగా రాగలిగినది 1952 సార్వత్రిక ఎన్నిక. ప్రజాస్వామ్య కూటమి తరఫున నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి రావి నారాయణరెడ్డి 3 లక్షలకు పైగా ఓట్లతో గెలిచారు. ఆ ఎన్నికలో నెహ్రూకు వచ్చిన ఓట్లకంటే అవి ఎక్కువ. సూర్యాపేట నుంచి బొమ్మగాని ధర్మభిక్షం హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు.

ఈ ఫలితాన్ని ఉద్యమ విజయంగా మాత్రమే చదవడం అలవాటు. దీన్ని రెండంచుల తీర్పుగా చదవడం సముచితం. భారత రాజ్యాంగం కింద జరిగిన ఎన్నికలో ఓటర్లు పెద్దఎత్తున పాల్గొనడం మొదటి జోక్యపు ఫలితాన్ని, అంటే నిజాం పాలన అంతాన్ని, యూనియన్‌లో చేరికను ఆమోదించడం. మూడేళ్లు ఆ యూనియన్ సైన్యం వేటాడిన పక్షాన్నే భారీగా గెలిపించడం రెండవ జోక్యాన్ని తిరస్కరించడం. పండితులు ఒకటిగా కలిపిన ప్రశ్నను నల్లగొండ ఓటరు రెండుగా విడదీసి, రెండింటికీ వేర్వేరు సమాధానాలు ఇచ్చాడు. స్వేచ్ఛను నిలుపుకోగలరా అని మిల్ సందేహించిన ప్రజలు ఇచ్చిన సమాధానం కూడా ఇదే.

9. ముగింపు

పరిశీలన ఫలితాలు ఇవి:

1. అంతర్యుద్ధంలో బయటి సైన్యం ప్రవేశం, సామూహిక హత్యలు కొనసాగుతూ బాధితులకు వేరే మార్గం లేనప్పుడు, న్యాయం కావచ్చు. 1948 సెప్టెంబరు నాటి ప్రవేశానికి ఆ మేరకు న్యాయముంది.

2. ప్రవేశానికి గల న్యాయం కొనసాగింపుకు బదిలీ కాదు. పని తీరిన మరుక్షణం నుంచి సైన్యం ఉనికికి కొత్త సమర్థన కావాలి. 1948-51 మధ్య సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాల్లో సైనిక చర్యకు అలాంటి సమర్థన లేదు.

3. జోక్యాన్ని కొలిచేటప్పుడు పాత పాలన బాధితులను మాత్రమే కాక, కొత్త పాలన తొలి నెలల్లో చనిపోయినవారిని కూడా లెక్కించాలి. విలీన రచనలు, పోరాట రచనలు రెండూ ఈ లెక్కను అసంపూర్ణంగా వదిలేశాయి.

4. పేర్లు తీర్పులు. సెప్టెంబరు 17ను విమోచన దినమని, విలీన దినమని, జాతీయ సమైక్యతా దినోత్సవమని, ప్రజాపాలనా దినోత్సవమని ప్రభుత్వాలు, పార్టీలు వేర్వేరుగా జరుపుతున్నాయి. ఈ పేర్లన్నీ ఆ ఒక్క తేదీ చుట్టూనే తిరుగుతున్నాయి. 18వ తేదీ నుంచి 1951 అక్టోబరు వరకు గల కాలానికి మాత్రం ఇప్పటికీ ఏ పేరూ స్థిరపడలేదు.

నేడు సాగర్ ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, కోదాడ వరి పండించి బియ్యం మిల్లులతో వర్ధిల్లుతున్నాయి. ఆనాటి సైనిక మార్గం జాతీయ రహదారిగా విస్తరించింది. ఆ ఊళ్ల కళాశాలల్లో పరిశోధన చేసే విద్యార్థులకు చేయదగిన పని ఇంకా మిగిలి ఉంది. పంచిన భూముల్లో ఏ సర్వే నంబరు 1948 తరువాత ఎవరి పేరు మీదికి మారిందో గ్రామాల వారీగా పాత పహాణీల్లో వెతకాలి. జోక్యం న్యాయమా కాదా అన్న వాదానికి సిద్ధాంత గ్రంథాల కంటే ఆ కాగితాలు గట్టి సాక్ష్యం ఇస్తాయి.